ఆ పరీక్ష సరిగ్గానే జరిగింది

మా అమ్మాయికి చదవడం నేర్పిన టీచరమ్మ పోయారు. పోయిన నెలలో ఒక గురువారం పొద్దున నేను ఎయిర్‌పోర్టు కార్గో షెడ్డులో మందుల పెట్టెల కాగితాలు సరిచూసుకుంటుంటే, స్కూలు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో కబురొచ్చింది. మూడు రోజుల జ్వరమట. నాలుగో రోజు ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే ప్రాణం పోయిందట. యాభై ఏళ్లు కూడా నిండని మనిషి. చూస్తుండగానే ఆ కబురు కింద వరసగా దండాల బొమ్మలు పడుతున్నాయి. నేనూ ఒకటి పెట్టాను. పెట్టిన మరుక్షణం ఛీ అనిపించి తీసేశాను. ఒకాయన విడిగా "ఏవండీ, పొరపాటున తీసేశారా?" అని అడిగాడు కూడా. 

అంత్యక్రియలకు నేను వెళ్లలేదు. మహేశ్వరం దగ్గర వాళ్ల ఊరు. మా ఇంటి నుంచి బండి మీద అరగంట కూడా పట్టదు. సెలవు అడిగితే ఇచ్చేవారే, అడగలేదు. ఆఫీసులో పనుందని మా ఆవిడతో అన్నాను. ఆవిడ నా వంక ఒక్క చూపు చూసి, అమ్మాయిని తీసుకుని ఆటోలో వెళ్లిపోయింది. ఎందుకు వెళ్లలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. చెబితే సిగ్గుచేటు. అయినా చెప్పాలి.

మాది తెనాలి వైపు. ఉద్యోగం కోసం వచ్చి పదహారేళ్లుగా శంషాబాద్‌లో ఉంటున్నాం. సరుకు విమానం ఎక్కాలంటే కావలసిన కాగితాలు తయారుచేసే ఆఫీసులో పని నాది. నాకు నోటి దురుసు ఎక్కువ, కోపం ముక్కు మీదే ఉంటుంది. టీచరమ్మ ఇక్కడి మనిషి, వ్యవసాయం చేసుకునే ఇంటి ఆడపిల్ల. చుట్టూ పొలాలన్నీ ప్లాట్లు చేసి హద్దురాళ్లు పాతేశాక కూడా మధ్యలో వాళ్ల నాన్న జొన్న వేస్తూనే ఉన్నాడని నవ్వుతూ చెప్పేవారు. స్కూల్లో ఆవిడ పని వేరు. చదవడంలోనో రాయడంలోనో మాట్లాడటంలోనో తోటివాళ్లతో పాటు సాగలేని పిల్లల్ని గమనించడం, పరీక్షించడం, ఎవరికి ఏ సాయం కావాలో తేల్చడం, ఏడాదికి ఇంత అని లక్ష్యాలు రాసి అవి తీరేదాకా వెంటపడటం. స్పెషల్ టీచర్ అని తలుపు మీద రాసి ఉండేది కానీ పిల్లలకూ మాకూ అందరికీ టీచరమ్మే.

ఆవిడకి ఇచ్చిన గది మెట్ల కింద ఉండేది. పొడుగాటి వాళ్లు తల వంచి లోపలికి వెళ్లాలి. పిల్లలకు చప్పుడు చిరాకని చెప్పులు బయటే విప్పేసేవారు. సంచిలో ఎప్పుడూ వేయించిన పల్లీలు ఉండేవి. లెక్కలకని చెప్పేవారు గానీ సగం ఆవిడే తినేసేవారు. ఎవరినైనా పరీక్ష చేయాలంటే ముందు వారం రోజులు ఊరికే చూసేవారు. మంచినీళ్ల పంపు దగ్గర గట్టు మీద కూర్చుని, ఆ పిల్ల బాటిల్ మూత ఎలా తిప్పుతోంది, వరసలో ఎవరి వెనక దాక్కుంటోంది, తర్వాత క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుని, బోర్డు మీద రాసింది చూస్తోందా లేక పక్కపిల్ల పుస్తకం చూస్తోందా అని. "కాగితం మీద పరీక్ష ఆఖరున సార్. ముందుగాల బిడ్డను చూడాలె" అనేవారు.

మా అమ్మాయి రెండో తరగతిలో ఉండగా క్లాసు టీచరు మమ్మల్ని పిలిచింది. పిల్ల అక్షరాలు తారుమారు చేస్తోంది, నిన్న వచ్చిన మాట ఇవాళ రాదంటోంది, ఒకసారి టీచరమ్మ చేత పరీక్ష చేయిద్దాం అని. అనుమతి కాగితం మీద సంతకం పెట్టాను. పెట్టానే గానీ ఆ రాత్రి నుంచీ ఒకటే దిగులు. మా వంశంలో ఇలాంటిది లేదు. చుట్టాలు ఏమంటారు? పిల్ల నెత్తిన ఒక ముద్ర పడితే మళ్లీ పోతుందా?

మా ఆఫీసులో ఒకతని కొడుక్కి ఇంకో స్కూల్లో ఇదే పరీక్ష జరిగింది. ఆ ప్రశ్నల జిరాక్సు అతని దగ్గర ఉంది. ముప్పై మాటల జాబితా, ఒక చిన్న పేరా, కొన్ని బొమ్మలు. అది చేతికి రాగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మా వైపు ఎంట్రన్స్ పరీక్షకి పాత పేపర్లు బట్టీ పట్టించడం తప్పని ఎవరూ అనుకోరు. నన్నూ మా అన్నయ్యనీ మా నాన్న అలాగే గట్టెక్కించాడు. పరీక్ష అంటే గట్టెక్కాల్సిందే తప్ప, మనకేం కావాలో తెలుసుకునేది కూడా ఒకటి ఉంటుందని నా బుర్రకి తట్టలేదు. ఇది పాస్, ఫెయిల్ పరీక్ష కాదని ఆ కాగితం మీదే రాసి ఉంది. చదివాను కూడా.

మూడు వారాలు రోజూ ఆఫీసుకి వెళ్లేముందు పిల్లని కూర్చోబెట్టి ఆ ముప్పై మాటలూ వల్లె వేయించాను. మొదటిది గొడుగు, రెండోది పలక, మూడోది చీమ. దానికి చదవడం రాదు కానీ చెవి మంచిది, వరస పట్టేసింది. తప్పితే మళ్లీ మొదటినుంచి. ఆ మూడు వారాల్లో రెండుసార్లు చెయ్యి చేసుకున్నాను, ఒకసారి స్కేలుతో. ఏడేళ్ల పిల్లని. రాస్తుంటేనే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

పరీక్ష రోజు నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. ముప్పైకి ఇరవై ఎనిమిది వచ్చాయి. ఆఫీసులో అందరికీ మిఠాయి పంచాను. జిరాక్సు ఇచ్చినతనికి రెండు ఎక్కువ పెట్టాను.

రెండు రోజులు పోయాక స్కూలు గేటు దగ్గర టీచరమ్మ నన్ను ఆపారు. "సార్, ఒక్క నిమిషం. నేను మాట రాసిన కార్డు తిప్పకముందే బిడ్డ గొడుగు అన్నది. జర వేరే కార్డులతోని ఇంకోసారి చూస్త. గీ కాగితం మీద సంతకం పెట్టుండ్రి" అన్నారు, మెల్లగానే. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను గయ్యిమన్నాను. "నా కూతురు దొంగ అంటున్నారా? పిల్లలు తక్కువైతే మీ ఉద్యోగం పోతుందని నా బిడ్డని పిచ్చిదాన్ని చేస్తారా?" అని అరిచాను. ఆటోవాళ్లు, పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చిన తల్లులు, అందరూ చూస్తున్నారు. "గట్ల నేననలే సార్" అన్నారావిడ. 

అంతటితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను! కాగితాలు రాయడంలో మనకి చెయ్యి తిరిగింది కదా. ఈవిడ మా అమ్మాయికి లేని జబ్బు అంటగడుతోందని రెండు పేజీల ఫిర్యాదు రాసి ప్రిన్సిపాల్‌కి ఇచ్చాను. నాలుగు రోజుల తర్వాత పిలిపించారు. నేను కుర్చీలో, ఆవిడ నిలబడి. ప్రిన్సిపాల్ మేడమ్ మా ఇద్దరినీ చూసి, "సార్‌కి ఒక మాట చెప్పేయండి, అయిపోతుంది" అన్నారు. టీచరమ్మ చేతులు కట్టుకుని "తప్పయింది సార్" అన్నారు. ఇకముందు మా అమ్మాయి జోలికి రాకూడదని నేను షరతు పెట్టాను. అదీ ఒప్పుకున్నారు. గెలిచినవాడిలా మెట్లు దిగాను.

రెండేళ్లు గడిచాయి. మొదట్లో పిల్లకి పొద్దున్నే కడుపునొప్పి, తర్వాత వాంతులు. డాక్టర్లకి చూపించాం, ఏమీ లేదన్నారు. నాలుగో తరగతిలో ఉండగా ఒక ఆదివారం వాళ్లమ్మకి తెలుగు పాఠం చదివి వినిపిస్తోంది, గడగడా చదువుతోంది. నేను పేపరు పక్కన పెట్టి మురిసిపోతూ చూస్తున్నాను. పేజీ తిప్పబోతే రెండు పేజీలు అంటుకుని ఒకేసారి తిరిగాయి. పిల్ల ఆగలేదు. అక్కడ లేని పాఠాన్ని, లేని వాక్యాల కింద వేలు జరుపుతూ, తప్పు లేకుండా అప్పజెప్పేస్తోంది. క్లాసులో పక్కవాళ్లు చదివితే విని పట్టుకున్నది అదంతా. రెండేళ్లుగా ఒక్క ముక్క చదవలేదని నాకప్పుడు అర్థమైంది. మా ఆవిడ పుస్తకం మూసి, "మీరు నేర్పిన విద్యేగా" అంది. ఆ మాటతో నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడే స్కూలుకి పరిగెత్తాను. మెట్ల కింద గది దగ్గర తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. తిడతారనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. ఆవిడ తలెత్తి, "వచ్చిన్రా సార్? కూసోండ్రి. బిడ్డ పొద్దుగాల ఏమన్న తిన్నదా?" అని అడిగారు. అంతే.

మళ్లీ పరీక్ష చేయాలంటే ఒక ఫారం నింపాలి. అందులో ఒక గడి ఉంది, మళ్లీ పరీక్ష కోరడానికి కారణం అని. ఆవిడ పెన్ను నా చేతికిచ్చారు. ఒక్క వాక్యం. నేనే ముందుగా నేర్పించాను అని రాస్తే అయిపోయేది. నా చెయ్యి రాయలేదు. ఏం రాశానో తెలుసా? "గతంలో పరీక్ష సరిగ్గా నిర్వహించలేదు" అని రాశాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, తప్పంతా ఆవిడ నెత్తిన పెట్టాను, ఆవిడ ముందే కూర్చుని, ఆవిడ పెన్నుతోనే. టీచరమ్మ కాగితం తీసుకుని చదివారు.  తర్వాత కింద తన సంతకం పెట్టేశారు. "చాలు సార్, దీంతోని పనైతది. మనకు కావాల్సింది బిడ్డ చదువే గదా" అన్నారు.

ఈసారి పరీక్ష ఐదు రోజులు జరిగింది, రోజుకి అరగంట. మొదటి రోజంతా పల్లీలు తింటూ కబుర్లేనట. తేలింది ఏమిటంటే, పిల్లకి తెలివికి లోటు లేదు, అక్షరాన్ని శబ్దంతో జోడించడంలోనే చిక్కు. వేరే పద్ధతిలో నేర్పితే వస్తుంది, మెల్లగా వస్తుంది. ఈ మాట రెండేళ్ల క్రితమే తెలిసి ఉండాల్సింది.

తర్వాత లక్ష్యాలు రాయడానికి కూర్చున్నాం. ఆవిడా, క్లాసు టీచరూ, మేమిద్దరం, మధ్యలో అమ్మాయి. చదువులో బాగా మెరుగుపడాలి అని నేను చెప్పాను. ఆవిడ పెన్ను ఎత్తేశారు. "మెరుగువడాలె అంటే ఏంది సార్? నాకెట్ల తెలుస్తది? కండ్లకు కనవడేది చెప్పుండ్రి." ఇంగ్లీషు ధారాళంగా చదవాలి అన్నాను. "ఎప్పటికి? ఏ పుస్తకం? ఎన్ని లైన్లు?" నాకు చిరాకొచ్చింది. "గంపెడు రాస్తే గుప్పెడు కూడ కావు సార్, గుప్పెడే రాద్దాం" అని, అమ్మాయి వైపు తిరిగి, "నీకేం చదవాలని ఉంది బిడ్డా?" అని అడిగారు. దాన్ని ఎవరూ అలా అడగలేదు అంతవరకు. అది చాలాసేపు ఆలోచించి, "బస్సు మీద ఊరి పేరు" అంది.

అదే రాశారు. మూడు నెలల్లో, బస్టాపులో నిలబడి, ఎవరూ అందించకుండా, మహేశ్వరం, కందుకూరు, బాలాపూర్ అని మూడు బోర్డులు చదవాలి. నాలుగు ప్రయత్నాల్లో మూడుసార్లు సరిగ్గా రావాలి. సాయం ఎవరు చేస్తారు అనే చోట మా ఆవిడ పేరు రాసి, నా పేరు ఎదురుగా "తోడుగా నిలబడాలి, మాట్లాడొద్దు" అని రాశారు. మా ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు మండింది గానీ కుక్కిన పేనులా సంతకం పెట్టాను. మూడు నెలల్లో రెండే బోర్డులు వచ్చాయి. కందుకూరు దగ్గర ఆగిపోయేది. వచ్చేసిందని రాసేద్దామా, ఎలాగూ వస్తుంది కదా అన్నాను నేను. బుద్ధి ఎక్కడికి పోతుంది! "రానిది రాలేదని రాస్తేనే బిడ్డకు మేలు సార్" అని, ఇంకో నెల గడువు పెట్టి, రోజూ సాయంత్రం తన స్కూటీ మీద దాన్ని బస్టాపుకి తీసుకెళ్లారు. నెల తిరక్కుండానే కందుకూరు కూడా వచ్చింది.

అప్పటినుంచి ఐదేళ్లు. ఏడాదికి రెండుసార్లు ఆ గదిలో కూర్చునేవాళ్లం. ప్రతిసారీ ఆ ఫారం ఉన్న ఫైలు బల్ల మీద ఉండేది. ప్రతిసారీ నా కళ్లు ఆ గడి మీదికే పోయేవి. ఇవాళ చెప్పేద్దాం, ఇవాళ చెప్పేద్దాం అనుకుంటూ క్షమాపణకి బదులు గోంగూర పచ్చడి, పూతరేకులు, మా ఊరి అరిటిపళ్లు పట్టుకెళ్లేవాణ్ణి. "మీ పచ్చడి మస్తుగున్నది సార్, గని అది తెచ్చినప్పుడల్ల మీ ముఖమే పుల్లగుంటది" అని ఆటపట్టించేవారు. పోయిన మార్చిలో ఒకసారి నోటిదాకా వచ్చింది. "ఏందో అనబోతున్నరు సార్?" అన్నారు. "ఏం లేదండి, ఎండలు ముదిరాయి" అన్నాను. ఎండలట! నాలాంటి పిరికిపంద ఉంటాడా? నన్ను నేను ఒకటే మాటతో సర్దిచెప్పుకునేవాణ్ణి. ఆవిడది అనుమానమే కదా, ఖాయంగా తెలియదు కదా అని.

ఆవిడ పోయిన వారానికి స్కూలుకి వెళ్లి, ఫైల్లో ఆ వాక్యం మార్చాలని అడిగాను. కొత్త ప్రిన్సిపాల్ మంచాయనే. పాత కాగితాలు దిద్దడానికి వీల్లేదు, అయినా ఇప్పుడెందుకు సార్, ఆవిడే లేరు కదా అన్నారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను, చదివేవాళ్లందరూ సాక్షి. ఆ పరీక్ష సరిగ్గానే జరిగింది. సరిగ్గా లేనిది నేను.

పదకొండో రోజున నేనే అమ్మాయిని బండి మీద ఎక్కించుకుని టీచరమ్మ వాళ్ల ఊరికి బయలుదేరాను. ఇప్పుడది తొమ్మిదో తరగతి. మహేశ్వరం దాటి ఊళ్లోకి తిరిగే మలుపులో రెండు స్తంభాల మధ్య టీచరమ్మ ఫోటోతో ఫ్లెక్సీ కట్టారు. "ఆపు నాన్నా" అంది. కింద ఒక మూల తాడు తెగి, గాలికి లేచి ఆవిడ ముఖం మీదికే మడతపడుతోంది. అమ్మాయి ఒక చేత్తో ఆ మూల కిందికి లాగి పట్టుకుని, రెండో చేతి వేలు అక్షరాల కింద పెట్టి చదవడం మొదలుపెట్టింది. కన్నీటి నివాళి. ఆగింది. తర్వాత ఆవిడ పేరు, ఇంటిపేరుతో సహా. అంత పొడుగు పేరుందని మాకెవరికీ తెలియదు. ముక్కలు ముక్కలుగా, ఒకచోట వెనక్కి వెళ్లి, మళ్లీ పట్టుకుని, పూర్తిచేసింది. మూడు నిమిషాలు పట్టి ఉంటుంది. ఎక్కడా బట్టీ లేదు.

ఇక ఆగలేకపోయాను. "నీకో సంగతి చెప్పాలమ్మా. నువ్వు రెండో తరగతిలో ఉన్నప్పుడు..." అన్నాను.

"కార్డులా? గుర్తుంది నాన్నా."

"టీచరమ్మకి పాపం తెలియదు. అనుమానపడింది, అంతే. నేనెప్పుడూ చెప్పలేదు."

"తెలుసు. నేనే చెప్పాను" అంది.

"ఎప్పుడు?"

"ఆ రోజే. గొడుగు అనగానే ఎట్ల తెల్సింది బిడ్డా అని అడిగింది. నాన్న రోజూ నేర్పిస్తాడు, తప్పు చెబితే కొడతాడు అని చెప్పాను. వాత కూడా చూపించాను. ఇంకెవరికీ చెప్పకు, నేను చూసుకుంట అంది."

"మరి ప్రిన్సిపాల్ దగ్గర ఒక్క మాట అనలేదే!"

అమ్మాయి ఫ్లెక్సీ మూల చదును చేస్తూ, చాలా మామూలుగా అంది. "నేను చెప్పానని తెలిస్తే నువ్వు మళ్లీ కొడతావని నాన్నా."

 అంటే ఆవిడ నా ముందు చేతులు కట్టుకుని నిలబడినప్పుడు అంతా తెలిసే నిలబడ్డారు. నా అబద్ధం కింద సంతకం పెట్టినప్పుడూ తెలిసే పెట్టారు. ఐదేళ్లు నా పచ్చడి తిని నవ్వినప్పుడూ అంతే. నాకు భయపడి కాదు, నా చేతి నుంచి నా కూతుర్ని కాపాడటానికి. నా బిడ్డని నా నుంచి దాచాల్సి వచ్చింది ఒక పరాయి మనిషికి.

"ఇది వదిలేస్తే మళ్లీ మడతపడిపోతుంది. పట్టుకో నాన్నా, ఆ కొట్లో సుతిలి తాడు అడిగి తెస్తాను" అంటూ మూల నా చేతిలో పెట్టి రోడ్డు దాటింది.

పట్టుకున్నాను. గాలి గట్టిగానే ఉంది, రెండు చేతులూ కావలసి వచ్చాయి. లారీ పోయినప్పుడల్లా ఫ్లెక్సీ ఊగి మీదికి వస్తోంది. ఆవిడ ముఖం సరిగ్గా నా ముఖానికి ఎదురుగా, జానెడు దూరంలో ఉంది. ఇన్నేళ్లలో ఆ గదిలో బల్ల వంకా ఫైలు వంకా చూశాను తప్ప, ఆవిడ కళ్లలోకి సూటిగా చూసిందే లేదు. ఇప్పుడు తల తిప్పుకుంటే పట్టు జారుతుంది. చూస్తూ నిలబడ్డాను. సైకిలు మీద పోతున్న ఒక పెద్దాయన కాలు కింద పెట్టి ఆగి, "మీకేమైతది సార్ ఆమె?" అని అడిగాడు.